శంషాబాదు ద్వారమునందలి కాపలా: ఒక విమర్శ

హైదరాబాదు నగరమునకు దక్షిణముగా, బెంగుళూరు పోవు రాజమార్గము ప్రక్కన, శంషాబాదు అను ఊరు కలదు. ఒకప్పుడు ఇది కర్నూలు వైపు పోవు బస్సులు ఆగు చిన్న ఊరు మాత్రమే. 2008 మార్చి నెలలో బేగంపేటలోని పాత విమానాశ్రయము నుండి ప్రయాణికుల విమానములన్నియు ఇచటికి తరలి వచ్చినవి. నాటి నుండి ఈ ఊరు తెలుగువారికి లోకము యొక్క గుమ్మమైనది. దుబాయి పోవు కూలి, అమెరికా పోవు విద్యార్థి, మక్కా పోవు యాత్రికుడు ఇచ్చటనే విమానమెక్కుచున్నారు. తిరిగి వచ్చునప్పుడును ఇచ్చటనే దిగుచున్నారు. మనుష్యులతో పాటు వారి దేహములలోని సూక్ష్మజీవులును టిక్కెట్టు లేకుండ దిగుచున్నవి.

ఈ విమానాశ్రయములో సరకుల విభాగము ఒకటి కలదు. అందులో మందుల కొరకు ప్రత్యేకముగా శీతల గదులు కట్టించినారు. హైదరాబాదు చుట్టుపట్ల తయారగు మందులు, టీకాలు ఇక్కడి నుండియే అనేక దేశములకు పోవుచున్నవి. 2021 మే 1వ తేదీన రష్యా నుండి స్పుత్నిక్ టీకా మొదటి విడతగా దిగినది కూడ ఇక్కడనే. దానిని సున్నకు దిగువ 20 డిగ్రీల సెంటిగ్రేడు చలిలో ఉంచవలెను. ఆ చలి ఎక్కడను తప్పకుండ చూచుకొన్నారు. మందును చలి చెడకుండ ఖండాంతరములు దాటించుటలో శంషాబాదు ఆరితేరినది. అయితే రోగమును గుర్తించుటలో ఇదే శంషాబాదు ఎంత సమర్థమైనది? 2009 నుండి మూడు పర్యాయములు ఈ ద్వారమునకు పరీక్ష వచ్చినది. ఆ మూడింటిని విడివిడిగా చూచినచో లోపము ద్వారము వద్ద ఉన్నదో, ద్వారము వెనుక ఉన్నదో తెలియగలదు.

మొదటి పరీక్ష 2009లో వచ్చినది. ఆ సంవత్సరము ఏప్రిల్ నెలలో మెక్సికో, అమెరికా దేశములలో కొత్తరకపు ఇన్‌ఫ్లుయెంజా బయలుదేరినది. పత్రికలు దానిని స్వైన్ ఫ్లూ అన్నవి. విమానాశ్రయములలో వైద్యులను కూర్చుండబెట్టి, వచ్చినవారిని విచారించు ఏర్పాటు జరిగినది. మే 13న అమెరికా నుండి దుబాయి మీదుగా శంషాబాదులో దిగిన ఒక యువకుని ఇట్లే ఆపి, ఎర్రగడ్డలోని ఛాతీ రోగముల ఆసుపత్రికి పంపినారు. మే 16న అతనికి ఆ వ్యాధియేనని నిర్ధారణ అయినది. భారతదేశమంతటికిని అదియే మొదటి కేసు. దేశములో అందరికంటె ముందు పట్టుకొన్న ఘనత శంషాబాదుది కనుక, కాపలాదారులను మెచ్చుకొనుట న్యాయము.

కాని వారు పట్టుకొన్నది జ్వరమును, రోగమును కాదు. జ్వరమునకు కారణములు నూరు ఉండును. ఇది ఆ కొత్త వైరసేనని చెప్పుటకు గొంతు నుండి దూదిపుల్లతో తీసిన నమూనాను వైరసు పరిశోధనశాలకు పంపవలెను. ఆ రోజులలో ఆ పరీక్ష చేయగల చోట్లు దేశములో ముఖ్యముగా రెండు: ఢిల్లీలోని జాతీయ అంటువ్యాధుల సంస్థ, పూణెలోని జాతీయ వైరాలజీ సంస్థ. గుమ్మము శంషాబాదులో, తాళపుచెవి పూణెలో. ఒక్క రోగి యైనప్పుడు ఈ దూరము అంతగా బాధింపలేదు. ఆగస్టు నెలలో పూణె నగరములోనే ఒక పాఠశాల బాలిక ఈ వ్యాధితో మరణించిన పిదప పరీక్షల కొరకు జనము ఆసుపత్రుల వద్ద బారులు తీరినప్పుడు, నమూనాలు పంపి సమాధానము కొరకు వేచియుండుట ఎట్టిదో దేశమంతటికి తెలిసినది.

రెండవ పరీక్ష 2020లో వచ్చినది. జనవరి నెల నుండియే చైనా మొదలగు కొన్ని దేశముల నుండి వచ్చు ప్రయాణికులను ఉష్ణదర్శక కెమెరాల ముందు నడిపించుచుండిరి. ఈ కెమెరా చర్మము నుండి వెలువడు పరారుణ కిరణములను కొలిచి ఉష్ణోగ్రతను తెరపై రంగులలో చూపును. చూచుటకు గొప్పగా ఉండును. పత్రికలలో దాని ఛాయాచిత్రములు విరివిగా పడినవి. తెలంగాణలో మొదటి కోవిడ్ రోగిని మార్చి 2న ప్రకటించినారు. ఆ యువకుడు దుబాయి నుండి వచ్చినవాడే. కాని శంషాబాదులో దిగలేదు. ఫిబ్రవరి 20న బెంగుళూరులో దిగి, అచట నుండి బస్సులో హైదరాబాదు వచ్చినాడు. అన్ని దేశముల నుండి వచ్చువారిని పరీక్షింపవలెనన్న ఆజ్ఞ మార్చి 4న గాని రాలేదు. పెద్ద వాకిట కాపలా పెట్టి, పెరటి తలుపు మరచిన గృహస్థుని సంగతి వంటిది ఇది.

బెంగుళూరులో ఆ యువకుని కెమెరా ముందు నిలిపి యున్నను ఫలితము ఉండెడిదని చెప్పలేము. వైరసు దేహములో ప్రవేశించిన తరువాత జ్వరము వచ్చువరకు కొన్ని దినములు గడచును. ఆ వ్యవధిలో ప్రయాణించువాడు కెమెరాకు ఆరోగ్యవంతుడే. జ్వరము వచ్చినవాడును ప్రయాణమునకు ముందు ఒక పారసిటమాల్ బిళ్ళ మ్రింగినచో కెమెరాకు చిక్కడు. ఈ సంగతి 2020 నాటికి కొత్తది కాదు. 2003లో సార్స్ వ్యాధి ప్రబలినప్పుడు కెనడా దేశము తన విమానాశ్రయములలో సుమారు 65 లక్షల పర్యాయములు ప్రయాణికులను పరీక్షించినది. సుమారు 9,100 మందిని అనుమానించి వైద్యుల వద్దకు పంపినది. వారిలో సార్స్ ఉన్నవాడు ఒక్కడును లేడు. ఈ లెక్కలు ప్రచురితమై అందరికిని అందుబాటులో ఉండగా, పదునేడు సంవత్సరముల తరువాత లోకమంతయు మరల అదే కెమెరాను ఆశ్రయించుట శాస్త్రజ్ఞానము లేక కాదు. కెమెరా ఒక దినములో కొనవచ్చును; పదిమందికి కనబడును. ప్రయోగశాలను కట్టి నిలబెట్టుటకు పదేండ్లు పట్టును. అది లోపలి గదిలో ఉండును గనుక ఎవ్వరికిని కనబడదు.

2020 ఫిబ్రవరి మొదటి వారములోనే సికిందరాబాదు గాంధీ ఆసుపత్రిలో కోవిడ్ పరీక్ష ఆరంభమైనది. ఇది 2009 కంటె ముందడుగు. కాని ఆ మొదటి రోగి విషయములో తుది నిర్ధారణకు నమూనా మరల పూణె పోయి రావలసి వచ్చినది. ఇదే నగరములో హబ్సిగూడ వద్ద కణ, అణు జీవశాస్త్ర కేంద్రము కలదు. సి.సి.ఎం.బి. అని దానిని పిలుతురు. వైరసు జన్యుపదార్థమును చదువుట అచటివారికి నిత్యకృత్యము. అయినను వారికి కోవిడ్ పరీక్షలు చేయు అవకాశము మార్చి నెలాఖరునకు గాని కలుగలేదు. అది పరిశోధన సంస్థ, ప్రజారోగ్య ప్రయోగశాల కాదు అన్నది కారణము. నీతి నియమముల దృష్టితో చూచినచో ఈ భేదము సమంజసమే; రోగి నమూనాపై పరీక్ష చేయుటకు ప్రమాణములు వేరు, బాధ్యత వేరు. అయితే ఈ ప్రమాణములు, అనుమతులు వ్యాధి రాకమునుపే ఏర్పడి యుండవలసినవి. ఇల్లు అంటుకొన్న తరువాత బావి త్రవ్వుట అని పెద్దలందురు. ఇక్కడ బావి ఉన్నది, నీరు ఉన్నది, చేంతాడు కొరకు రెండు మాసములు వెదకవలసి వచ్చినది.

ఇక మూడవ పరీక్ష. విజ్ఞానశాస్త్ర విద్యార్థికి మిగిలిన రెంటికంటె ఇందులో నేర్చుకొనదగిన దెక్కువ.

2021 నవంబరులో దక్షిణాఫ్రికాలోని ఒక ప్రయోగశాలవారు చిత్రమైన సంగతి నొకటి కనిపెట్టిరి. కోవిడ్ పరీక్షలో వైరసు యొక్క మూడు జన్యుభాగములను వెదకుదురు. కొందరి నమూనాలలో రెండు భాగములు దొరకుచున్నవి, ఎస్ అను భాగము దొరకుటలేదు. అజాగ్రత్తగా చూచువాడు యంత్రదోషమని వదలివేయును. వారు వదలలేదు. ఆ నమూనాల జన్యులిపిని ఆమూలాగ్రముగా చదివించగా, అనేక మార్పులు చెందిన కొత్త వైరసు బయటపడినది. నవంబరు 24న ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలిపినారు. రెండు దినములకు దానికి ఒమిక్రాన్ అని పేరు వచ్చినది. దీనికి దక్షిణాఫ్రికాకు లభించిన బహుమానమేమి? అనేక దేశములు వెంటనే అచటి విమానములను నిషేధించినవి. దొంగను చూచి కేక వేసినవానినే దొంగయని పట్టుకొన్నట్లయినది. ఇట్టి అనుభవము తరువాత ఏ దేశపు ప్రయోగశాలకైనను కేక వేయుటకు నోరు వచ్చునా?

మన దేశములో అప్పుడు చేసిన నియమము ఇది: ప్రమాదకరమని జాబితాలో చేర్చిన దేశముల నుండి వచ్చువారినందరిని పరీక్షింపవలెను. ఇతర దేశముల నుండి వచ్చువారిలో నూటికి ఇద్దరిని మాత్రము, ఏ ఎంపికయు లేకుండ, యాదృచ్ఛికముగా పరీక్షించి ఇంటికి పంపవలెను. డిసెంబరు 12న శంషాబాదులో ఇట్లు నమూనా ఇచ్చినవారిలో కెన్యా దేశస్థురాలు ఒకరు, సోమాలియా దేశస్థుడు ఒకరు ఉండిరి. ఆ రెండు దేశములును జాబితాలో లేవు. జన్యులిపి చదివిన పిదప డిసెంబరు 15న వారిరువురికి ఒమిక్రాన్ అని రాష్ట్ర ఆరోగ్యశాఖ ప్రకటించినది. అట్లే దిగి వెంటనే పశ్చిమ బెంగాలు పోయిన ఒక బాలునికిని అదియే తేలినది. తెలంగాణలో తెలిసిన మొదటి ఒమిక్రాన్ కేసులివి. జాబితా పట్టుకొనలేదు, ఉష్ణదర్శక కెమెరా పట్టుకొనలేదు. నూటికి ఇద్దరు అను నియమమును, దాని వెనుక నున్న ప్రయోగశాలయును పట్టుకొన్నవి.

ఇది గెలుపా, అదృష్టమా? ఉపాధ్యాయులు ఈ ప్రశ్నను సంభావ్యతా పాఠములో లెక్కగా ఇయ్యవచ్చును. ఒక విమానములో 200 మంది ప్రయాణికులు ఉన్నారనుకొందము. అందులో ఇద్దరికి వ్యాధి కలదు. నూటికి ఇద్దరు చొప్పున నలుగురి నుండి నమూనాలు తీసినారు. ఆ నలుగురిలో రోగి ఒక్కడైనను ఉండుటకు అవకాశమెంత? నలుగురును ఆరోగ్యవంతులే యగుటకు సంభావ్యత 196ను 195తో గుణించి, 200 ను 199తో గుణించగా వచ్చిన దానితో భాగించినచో వచ్చును. అది 0.96. అనగా రోగిని పట్టుకొను అవకాశము నూటికి నాలుగు మాత్రమే. ఈ లెక్క చూచి, ఇది వట్టి వేషమని కొందరు కొట్టివేయుదురు. కాని ఇట్టి విమానములు పదునేడు లేక పదునెనిమిది వచ్చుసరికి, ఎక్కడనో ఒకచోట వ్యాధి బయటపడు అవకాశము సగమునకు చేరును. ఇరువదియైదు విమానములకు నూటికి అరువదినాలుగు. అనగా ఈ పద్ధతి ఒక్కొక్క రోగిని ఆపుటకు పుట్టినది కాదు. వ్యాధి మన గుమ్మము దాటినదా లేదా అను ప్రశ్నకు సమాధానము చెప్పుటకు పుట్టినది. కాపలాదారుగా చూచినచో ఇది పనికిమాలినది; వేగులవానిగా చూచినచో మంచి పనివాడు. విమర్శకులు, అధికారులు ఇరువురును ఈ తేడాను మరచిరి. నమూనా ఇచ్చినవారు అప్పటికే టోలీచౌకీ ప్రాంతమునకు పోయి ఉండగా వారిని వెదకి పట్టుకొన్నారని పత్రికలు హడావిడి చేసినవి. ఆ హడావిడి వెనుక ఉన్న అసలు వార్త, అనగా మూడు దినములలో ముప్పది వేల అక్షరముల జన్యులిపిని చదివి పేరు చెప్పగలిగిన సామర్థ్యము నగరములో ఉన్నదన్న వార్త, ఎవ్వరిని ఆకర్షింపలేదు.

మరియొక సంగతి. శంషాబాదులో నమూనా తీసిన డిసెంబరు 12 నాటికి, దక్షిణాఫ్రికావారు లోకమునకు తెలిపి పదునెనిమిది దినములైనది. వారు తెలుపకపోయినచో ఇచటివారికి ఏమి వెదకవలెనో తెలిసెడిది కాదు. డర్బను నగరములోని ప్రయోగశాలకు జీతములు సరిగా అందుటయు, శంషాబాదులో దిగిన ప్రయాణికుని వ్యాధికి పేరు తెలియుటయు ఒకే గొలుసులోని రెండు లంకెలు. పరదేశపు ప్రయోగశాలకు ధనమిచ్చుట దానధర్మము అనుకొనువారు ఈ తేదీలను ఒకసారి ప్రక్కప్రక్కన వ్రాసి చూడవలెను.

ఇంతకును ప్రయోగశాలలో జరుగు పని యెట్టిది? గొంతులోని నమూనాలో వైరసు కణములు కొలదిగా ఉండవచ్చును. వాని జన్యుపదార్థమును వేరుచేసి, పి.సి.ఆర్. అను యంత్రములో పెట్టుదురు. ఆ యంత్రము ద్రవమును వేడిచేయుచు, చల్లార్చుచు ఉండును. ఒక్కొక్క ఆవర్తనమునకు వెదకుచున్న జన్యుభాగము రెట్టింపగును. ఒక్క ప్రతి ముప్పది ఆవర్తనములలో నూట ఏడు కోట్ల ప్రతులు కాగలదు. చదరంగపు గళ్లలో వడ్లగింజలను రెట్టించుచు పోయిన కథ తెలిసిన విద్యార్థికి ఇందులో ఆశ్చర్యము లేదు. వేరొకచోట కొంచెము పొరబాటు జరిగి, ప్రక్క గొట్టములోని తుంపర ఒకటి పడినచో, అదియును నూట ఏడు కోట్లగును. లేని రోగము ఉన్నట్లు చూపును. అందుచేతనే ప్రతి విడతలోను వైరసు లేదని ముందే తెలిసిన నమూనా ఒకటి, ఉన్నదని తెలిసినది ఒకటి పెట్టి చూతురు. యంత్రము వెల చెల్లించి కొనవచ్చును. ఈ జాగ్రత్త కొనదగినది కాదు. అది సంవత్సరముల తరబడి ఒకే బల్ల వద్ద కూర్చున్న పనివాని చేతిలో ఉండును. ఒప్పందముపై ఆరు మాసములకు తీసుకొని, వ్యాధి తగ్గగానే పంపివేసిన పనివాని చేతిలో ఉండదు.

రోగమునకు పేరు తప్పుగా పెట్టినచో కలుగు నష్టము ఎంతటిదో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. 2003 వేసవి తరువాత, నాటి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలకు ఒక్కసారిగా జ్వరము, మూర్ఛలు వచ్చి, ఒకటి రెండు దినములలోనే మరణించుట ఆరంభమైనది. వరంగల్, కరీంనగర్ ప్రాంతములలో ఇది తీవ్రముగా ఉండెను. మెదడువాపు వ్యాధియని, అనగా దోమల వలన వచ్చు జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అని మొదట భావించిరి. పూణె పరిశోధకులు నమూనాలను పరీక్షించి, చాందీపుర వైరసు జాడను కనుగొనిరి. మహారాష్ట్రలోని చాందీపుర గ్రామము పేర 1965 నుండి ఆ వైరసు శాస్త్రజ్ఞులకు తెలియును. ఇంత మందిని చంపగలదని తెలియదు. దానిని వ్యాపింపజేయునది దోమ కాదని, గోడల పగుళ్లలో నివసించు ఇసుక ఈగ అని భావించుచున్నారు. 329 మంది పిల్లలకు వ్యాధి సోకగా, 183 మంది మరణించినట్లు పరిశోధకులు ప్రకటించినారు. ఆ నిర్ణయమును కొందరు వైద్యశాస్త్రజ్ఞులు ఆక్షేపించినారు కూడ. వాదము ఎట్లున్నను, శత్రువు దోమయా ఈగయా అన్నది తేలక ముందే పిల్లలు పోయినారన్నది మాత్రము వాదమునకు అతీతము.

మలేషియాలో 1998-99లో జరిగినదియు ఇట్టిదే. పందులను పెంచువారికి మెదడువాపు వచ్చినది. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనుకొని దోమలను చంపు మందు చల్లిరి, టీకాలు వేసిరి. మాసములు గడచిన తరువాత, మలయా విశ్వవిద్యాలయములోని ఒక యువ వైరసు శాస్త్రజ్ఞుడు వేరు వైరసును చూచినాడు. అమెరికాలోని ప్రయోగశాల దానిని ధ్రువపరచినది. అదియే నిపా. అప్పటికి నూరుమందికి పైగా మరణించిరి; పది లక్షల పందులను చంపవలసి వచ్చినది.

ఇటీవలి ఉదాహరణ ఏలూరు. 2020 డిసెంబరు మొదటి వారములో ఆ పట్టణములో ఆరు వందల మందికి పైగా స్పృహ తప్పి, మూర్ఛలతో పడిపోయిరి. వైరసు కాదని త్వరగానే తేలినది. నమూనాలను ఢిల్లీ, హైదరాబాదు, ఇతర నగరముల సంస్థలకు పంపినారు. ఒకరు రక్తములో సీసము, నికెలు ఉన్నవనిరి. మరియొకరు పురుగుమందుల అవశేషములనిరి. ఒక జిల్లా కేంద్రములో వందలమంది పడిపోయినప్పుడు, ఆ జిల్లాలోనే నీటిని, రక్తమును, కూరగాయలను మొదటి దినముననే ఒక పద్ధతి ప్రకారము సేకరించి పరీక్షించు ప్రయోగశాల ఉండినచో, సమాధానము ఇంత చెల్లాచెదరుగా వచ్చెడిది కాదని భావించుటకు తావు కలదు. ఆలస్యముగా తీసిన నమూనా, ఎంత గొప్ప సంస్థకు పంపినను, సగము నిజమే చెప్పును.

ధనము మాటకు వత్తము. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు కలసి ఒక అంచనా వేసినవి. మహమ్మారులను ముందుగా గుర్తించి ఎదుర్కొను సన్నాహమునకు, ప్రయోగశాలలు, పర్యవేక్షణ, సిబ్బంది అన్నియు కలిపి, లోకమునకు ఏడాదికి 3,110 కోట్ల డాలర్లు కావలెను. అందులో బీద దేశములకు బయటినుండి అదనముగా అందవలసినది 1,050 కోట్లు. ఆ సంవత్సరమే ప్రపంచ బ్యాంకు ఆశ్రయములో మహమ్మారి నిధి ఏర్పడినది. 2023లో మొదటి విడతగా అది 37 దేశములకు ఇచ్చినది 33 కోట్ల 80 లక్షల డాలర్లు. కావలసిన దానిలో నూటికి మూడు వంతులు. అదియు ఒక్క సంవత్సరమునకు కాదు. కోవిడ్ వలన లోకపు ఆదాయమునకు కలిగిన నష్టము 12 లక్షల కోట్ల డాలర్లకు మించునని అంతర్జాతీయ ద్రవ్యనిధి 2022 ఆరంభములో అంచనా వేసినది. ఈ రెండు అంకెలను చూచిన ఏ వ్యాపారస్థుడైనను భీమా కట్టుటకు పరుగెత్తును. ప్రభుత్వములు పరుగెత్తలేదు సరికదా, వెనుకకు నడచినవి. 2025 జనవరిలో అమెరికా ప్రపంచ ఆరోగ్య సంస్థ నుండి వైదొలగుచున్నట్లు ప్రకటించినది. అదే సంవత్సరము బ్రిటన్, ఆసియా ఆఫ్రికా దేశములలో మందులకు లొంగని సూక్ష్మజీవులను కనిపెట్టు ప్రయోగశాలలకు సహాయపడుచుండిన ఫ్లెమింగు నిధికి తన ధనమును నిలిపివేయ నిశ్చయించినది. భయము కలిగినప్పుడు ధారాళము, భయము తీరగానే మరపు: ప్రపంచ బ్యాంకే 2017లో తన నివేదిక పేరులో ఈ జబ్బును చెప్పినది.

మన దేశము ఈ విషయములో చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 2021 అక్టోబరులో ఆరంభించిన ప్రధానమంత్రి ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య మౌలిక సదుపాయాల పథకమునకు, 2025-26 వరకు 64,180 కోట్ల రూపాయలు నిర్ణయించినారు. ప్రతి జిల్లాకు ఒక సమగ్ర ప్రజారోగ్య ప్రయోగశాల, కొత్త ప్రాంతీయ వైరాలజీ సంస్థలు, 32 విమానాశ్రయములతో సహా 50 ప్రవేశస్థానములలో ఆరోగ్య విభాగములు ఇందులో చేరియున్నవి. కాగితముపై చూచినచో, శంషాబాదు మూడు పర్యాయములు చూపిన లోపములకు ఇది సరియైన మందు. విమర్శింపవలసినది పథకమును కాదు, దానిని కొలుచు కొలబద్దను. ఎన్ని భవనములు లేచినవి, ఎన్ని యంత్రములు దిగినవి అని లెక్కించుట సులభము. నమూనా తీసిన గంట నుండి ఫలితము వైద్యునికి అందిన గంట వరకు ఎంత కాలము పట్టినది, రీయేజెంట్లు అనబడు రసాయనములు లేక యంత్రము ఎన్ని దినములు ఊరకున్నది, మంజూరైన ఉద్యోగములలో ఎన్ని ఖాళీగా ఉన్నవి, ఈ అంకెలను జిల్లావారీగా ప్రతి మాసము ప్రకటించినచో ప్రజలకు, ఉపాధ్యాయులకు, పత్రికలకు విషయము తెలియును. ప్రారంభోత్సవపు ఛాయాచిత్రము దీనికి బదులు కాజాలదు.

ఒక ఆక్షేపణను కాదనుటకు వీలులేదు. క్షయ, డెంగీ, విషజ్వరములతో దినదినము బాధపడు దేశములో, ఎప్పుడో రానున్న మహమ్మారి కొరకు ధనము దాచవలెనా అని అడుగువారున్నారు. ప్రశ్న మంచిది. అయితే మహమ్మారి కొరకు మాత్రమే తాళము వేసి ఉంచిన ప్రయోగశాల, మహమ్మారి వచ్చిన నాడును పనిచేయదు. దినమునకు రెండు వందల డెంగీ నమూనాలు చూచు చేతులే కొత్త వైరసును కూడ పసికట్టగలవు. దక్షిణాఫ్రికా అట్లు మేలుకొని యుండుటకు, ఎయిడ్స్, క్షయ రోగముల కొరకు ఏండ్ల తరబడి నడచిన ప్రయోగశాలలే పునాది. నేటి రోగికి ఖర్చు పెట్టినదే రేపటి రోగికిని పనికివచ్చును.

హైదరాబాదు విమానాశ్రయమునకును ప్రయోగశాలకును ఉన్న చుట్టరికము నేటిది కాదు. బేగంపేట పాత విమానాశ్రయము చెంతనే ఒక పాత భవనము కలదు. 1897 ఆగస్టు 20న సైనిక వైద్యుడు రోనాల్డు రాస్ అచట ఒక దోమ కడుపును సూక్ష్మదర్శినిలో చూచి మలేరియా క్రిమిని కనుగొనెను. అప్పటికి అతని వద్ద నున్న పరికరములు దీనమైనవి. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టినవి. కంటివద్ద అద్దము పగిలినది. గాలికి దోమలు ఎగిరిపోవునని పంకా వేయించుకొనలేదు. హుస్సేను ఖాను అను రోగిని కుట్టిన దోమకు ఒక అణా చొప్పున తన జేబులోనుండి ఇచ్చెను. కనుగొన్న మరుసటి నెలలోనే ప్రభుత్వము అతనిని రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేసినది. అచట మలేరియా రోగులు దొరకుటయే అరుదు. మిగిలిన పని కలకత్తాలో పక్షులపై చేయవలసి వచ్చినది. 1902లో నోబెల్ బహుమతి వచ్చినది గాని, పోయిన మాసములు తిరిగి రాలేదు.

శంషాబాదులో ఇప్పుడు చేయదగిన పని ఒకటి కలదు. 2020లో సి.సి.ఎం.బి., భారతీయ రసాయన సాంకేతిక సంస్థ కలసి హైదరాబాదు మురుగునీటిలో కరోనా వైరసు జాడను కొలిచి, నగర జనాభాలో సుమారు నూటికి ఆరుగురికి వ్యాధి సోకియుండవచ్చునని అంచనా వేసినవి. ఇంటింటికి పోయి గొంతులు చూచు పని లేకుండ, మురుగు కాలువే సమాధానము చెప్పినది. అదే పద్ధతిని విమానమునకును వర్తింపజేయవచ్చును. దూరదేశము నుండి వచ్చు విమానములో పది పదునైదు గంటలు కూర్చున్న ప్రయాణికులలో చాలమంది మరుగుదొడ్డిని వాడుదురు. దిగిన తరువాత ఆ తొట్టిని ఖాళీ చేయక తప్పదు. అందులో నుండి ఒక సీసా తీసినచో ఒక్కరి పేరైనను అడుగకుండ, ఒక్కరినైనను ఆపకుండ, ఆ విమానములో ఏ వ్యాధి వచ్చినదో తెలిసికొనవచ్చును. అమెరికాలో అంటువ్యాధుల నివారణ కేంద్రము కొన్ని విమానాశ్రయములలో ఈ విధముగా పరీక్షించుచున్నది. శంషాబాదు నుండి హబ్సిగూడకు బయటి వలయరహదారి మీద గంటలో చేరవచ్చును. ఆ సీసాను మంచుపెట్టెలో పెట్టి ప్రతిదినము తీసికొనిపోవుటకు ఒక వాహనము, నమూనా పుస్తకములో సంతకము చేయుటకు ఒక ఉద్యోగి, వ్యాధి లేని సంవత్సరములలో కూడ ఆ ఇరువురికి జీతము కావలెను.